కపాలం, దీపం, కూజా: స్టీన్‌విక్ చిత్రంలో మృత్యుప్రతీకలు

పదిహేడో శతాబ్దపు డచ్చి నిశ్చలచిత్రాల్లో ‘వనిటాస్’ ఒక ప్రత్యేక శాఖ. వ్యర్థత, శూన్యత అని అర్థమిచ్చే ఈ లాటిన్ పదం బైబిల్‌లోని ‘ప్రసంగి’ గ్రంథం ద్వారా ప్రసిద్ధమైంది. బల్లపై కూర్చిన కొద్దిపాటి వస్తువులతో జీవితం క్షణికమని స్ఫురింపజేయడం ఈ చిత్రాల లక్ష్యం. వీటిని వివరించేటప్పుడు కపాలం మృత్యువుకు, గ్రంథం విద్యకు, వాద్యం భోగానికి ప్రతీకలని పట్టిక వేసి ముగించడం పరిపాటి. ఆ పట్టిక తప్పు కాదు, కాని చాలదు. హార్మెన్ స్టీన్‌విక్ చిత్రం ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘మానవ జీవిత వ్యర్థతల రూపకం’ అనదగిన ఈ చిత్రం 1640 ప్రాంతంలో ఓక్ చెక్కపై వేసినది; ప్రస్తుతం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు దాదాపు 39, వెడల్పు 51 సెంటీమీటర్లు. వస్తువులన్నీ కుడివైపు గుమిగూడి ఉంటాయి: పుస్తకాలు, వీణను పోలిన ల్యూట్, పిల్లనగ్రోవి, గడియారం, శంఖం, జపాను ఖడ్గం, కూజా, ఆరిపోతున్న దీపం, వాటి నడుమ కపాలం. ఎడమభాగం దాదాపు ఖాళీ. ఆ ఖాళీ మీదుగా ఏటవాలుగా దిగిన వెలుగు కపాలాన్ని తాకుతుంది.

ఈ వస్తువులకు చరిత్ర ఉంది. 1639 తరువాత జపానుతో వర్తకం చేసే అవకాశం యూరపు జాతుల్లో డచ్చివారికే మిగిలింది. మచిలీపట్నంలో స్థావరం నడిపిన డచ్చి ఈస్టిండియా కంపెనీదే ఆ వర్తకం. కాబట్టి ఖడ్గం కేవలం అధికార చిహ్నం కాదు, ఆనాటి సంపన్నులు ఆశపడి సేకరించిన అపురూప వస్తువు. చిత్రకారుడు దాని నిగనిగను ఎంతో శ్రద్ధతో చిత్రించాడు. వ్యర్థమని చెప్పదలచిన దానిపైనే కోరిక పుట్టించడం ఈ చిత్రంలోని వైరుధ్యం. ఆ కోరిక కలగని ప్రేక్షకునికి వైరాగ్యబోధ కూడా అందదు. ప్రతీకల పట్టిక జారవిడిచేది ఈ అనుభవాన్నే.

కూజా మరింత గమనార్హం. దాని రంగుల అడుగున పుష్పకిరీటం ధరించిన ఒక పురుషుని శిరోవిగ్రహం ఉన్నట్లు పరిశీలనలో తేలింది. చిత్రకారుని సంకల్పం ఏదైనా, ఫలితం స్పష్టం. కీర్తి నశ్వరమని బాహాటంగా చెప్పే విగ్రహం పోయి, నిత్యవ్యవహారంలోని మామూలు పాత్ర వచ్చింది. కపాలం మృత్యువును దాదాపు వాచ్యంగానే చెబుతుంది. పక్కన విగ్రహం కూడా నిలిచి ఉంటే వాచ్యం రెట్టింపయ్యేది. కూజా ఏమీ చెప్పదు. దానిని వాడిన చేతులు ఇప్పుడు లేవన్న భావం మాత్రం చూసేవారి మనసులో మెల్లగా మెదులుతుంది.

వెలుగు కోరేవాడు దీపశిఖను కాపాడుకున్నట్లు వ్యంగ్యార్థాన్ని కోరేవాడు వాచ్యార్థాన్ని ఆదరించాలని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో అన్నాడు. ఈ సూత్రం కావ్యానికే కాక చిత్రానికీ వర్తిస్తుంది. దీపం ముందు దీపంగా కనిపించాలి, దాని పొగ కంటికి ఆనాలి. ఆ తరువాతే అది ఆయుష్షును స్ఫురింపజేస్తుంది. మన సాహిత్యంలోని వైరాగ్య పద్యాలను కూడా ప్రతీకల జాబితాలుగా విడదీసే ధోరణి పరిశోధనల్లో కనిపిస్తూనే ఉంది. వస్తువును దాటి అర్థానికి తొందరపడితే మిగిలేది నీతివాక్యమే. ఆ వాక్యం చిత్రం చూడకముందే మనకు తెలుసు.