పేరడిగి కట్టే తాయెత్తు

మా విజయనగరం వైపు పసివాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి ఏడిస్తే వైద్యం రెండు దారుల్లో నడుస్తుంది. తండ్రి డాక్టరుకు చూపించి మందుచీటీ తెస్తాడు. దాని మడత విప్పకముందే మామ్మ "గుంటడు దడుసుకున్నాడు, తాయెత్తు కట్టించండి" అంటుంది. ఈ రెండింటికీ మా ఇళ్లలో ఎప్పుడూ పేచీ రాలేదు. నా మెడలోనూ నల్లతాడుకు ఒకటి వేలాడేది. బళ్లో చేరాక సిగ్గేసి చొక్కా లోపలికి తోసేవాణ్ణి గానీ తెంపడానికి చెయ్యి రాలేదు.

పనితనం లెక్కన చూస్తే అది చిన్న వస్తువే. పల్చటి రాగిరేకు మీద గళ్లు గీసి, వాటిలో అంకెలో అక్షరాలో చెక్కుతారు. రేకును చుట్టి గొట్టంలో పెట్టి, మూతిని లక్కతో మూస్తారు. సాంబ్రాణి పొగ చూపించి మెడకో, జబ్బకో, మొలతాడుకో కడతారు. లోపల ఏం రాసిందో కట్టుకున్నవాడు ఏనాడూ చదవడు. కట్టే మనిషి మాత్రం బిడ్డ పేరు అడుగుతాడు, తల మీద చెయ్యి వేస్తాడు. తాయెత్తులో సత్తువ ఏదైనా ఉంటే అది అక్కడే ఉందని నా నమ్మకం. అందుకే కాబోలు, బాబామెట్టలోని ఖాదర్ వలీ బాబా దర్గాకు బొట్టు పెట్టుకున్న తల్లులూ పిల్లల్ని ఎత్తుకుని వెళతారు. బెంగపడ్డ తల్లి కట్టే చెయ్యి ఏ మతానిదని అడగదు.

ఈ బెంగకు దేశం, కాలం లేవు. ప్రాచీన రోమ్‌లో మగపిల్లల మెడలో 'బుల్లా' అనే బోలు బిళ్ల వేసేవారు. ఈడొచ్చిన రోజున దాన్ని తీసి ఇంటి దేవతలకు సమర్పించేవారు. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ మూర్ఛరోగి అయిన ఒక కుర్రాడి సంగతి రాశాడు. మెడలో పియొనీ మొక్క వేరు ఉన్నంతకాలం వాడికి మూర్ఛ రాలేదట, అది జారిపడగానే వచ్చిందట. పిల్లల చేతికి వసపూసలు కట్టే మన ఇళ్లవాళ్లకు ఆ వేరు కొత్తగా తోచదు. సీతంపేట కొండల్లో సవరలు రక్షను ఏకంగా గోడకే ఎక్కించారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో మనుషుల్నీ చెట్లనూ జంతువులనూ గీసి, జబ్బు తగ్గాలని, పంట నిలవాలని పెద్దలకు మొక్కుకుంటారు.

అయితే బెంగ ఉన్నచోటికి బేరగాడూ వస్తాడు. 'కన్యాశుల్కం' నాటకంలో పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో బంధించానంటాడు. మనం పగలబడి నవ్వుకున్నాం. ఇప్పుడు అతని వారసులు టీవీలోనూ ఫోన్లోనూ యంత్రాలు అమ్ముతుంటే ఎవరికీ నవ్వు రావడం లేదు. అప్పులు తీరతాయంటారు, షుగరు తగ్గుతుందంటారు. మహిమతో జబ్బులు నయమవుతాయని చాటే ప్రకటనలను అరికట్టడానికి మన దేశంలో 1954లోనే చట్టం చేశారు. అందులో మాయా చికిత్సలంటూ చెప్పిన వరసలో టాలిస్మన్, మంత్రం, కవచం ఉన్నాయి. గ్రీకులో పుట్టి, అరబ్బీ మీదుగా యూరప్ భాషల్లో స్థిరపడ్డ టాలిస్మన్‌కు మన కవచం పక్కనే చోటు దొరికింది.

ఆ చట్టం మామ్మ జోలికి రాదు. తాయెత్తు కట్టుకోవడాన్ని అది తప్పుపట్టలేదు, రోగం కుదురుస్తుందని ఊరంతా చాటడాన్ని తప్పుపట్టింది. నాకూ ఆ గీతే సబబుగా తోస్తుంది. దడుపుకు తాయెత్తు కట్టించండి, జ్వరానికి మందు వెయ్యండి. పిల్లాడి పేరైనా అడగకుండా పార్సిల్లో దిగే రక్షకు మాత్రం డబ్బు పంపకండి.