శివ, మా సైకిల్ స్టాండు

2025 నవంబరులో ‘శివ’ని 4కె, డాల్బీ అట్మాస్ హంగులతో మళ్ళీ హాళ్ళలో వేశారు. వెళ్ళి చూశాను. ఇది ఆ సినిమా గురించి రాస్తున్నానో, నా కాలేజీ రోజుల గురించి రాస్తున్నానో నాకే సరిగ్గా తెలీదు. రెంటినీ విడదీయడం నావల్ల కాలేదు.

మొదటిసారి చూసింది 1989 అక్టోబరులో, బెజవాడ గాంధీనగర్‌లో, మ్యాట్నీ. సైకిలు మీద ఇద్దరం, స్టాండులో టోకెను, నేల టిక్కెట్టు క్యూలో ఊడిపోయిన చొక్కా గుండీలు, లోపల బీడీ పొగలోంచి ప్రొజెక్టరు వెలుతురు. ఇవన్నీ అందరూ రాసేసినవే. నాకు చెప్పాలనిపించేది వేరే. వంగవీటి రంగా హత్య 1988 డిసెంబరు 26న జరిగింది. ఆ తర్వాత అల్లర్లు, కర్ఫ్యూ. పది నెలలైనా తిరక్కుండా వచ్చిందీ సినిమా. వర్మ కూడా ఆ ఊళ్ళోనే ఇంజనీరింగ్ చదివాడు. మిగతా ఊళ్ళవాళ్ళకి ‘శివ’ ఒక కొత్త రకం ఫైటింగ్ సినిమా కావచ్చు. మా వరసలో కూర్చున్నవాళ్ళకి మాత్రం భవానీ అనేవాడు తెరమీద కొత్తగా పుట్టినవాడు కాదు. రఘువరన్ గొంతు పెంచకుండా మాట్లాడుతుంటే హాలు కూడా గొంతు తగ్గించింది. అరిచే విలన్లని చూసి నవ్వుకోడం మాకలవాటు. వీణ్ణి చూసి ఎవడూ నవ్వలేదు.

శివ సైకిల్ చెయిన్ లాగినప్పుడు మాత్రం హాలు లేచి నిలబడింది. నేనూ లేచాను. పక్కన మా రూమ్మేటు విజిల్ వేసి వేసి మర్నాటికి గొంతు పోగొట్టుకున్నాడు. వాడు ఆ సినిమా ఏడుసార్లు చూశాడు.

ముప్ఫయ్యారేళ్ళపాటు నాకు గుర్తున్న ‘శివ’ అంటే ఆ చెయినే. క్లాసు ఎగ్గొట్టి మ్యాట్నీకి పోదామనే ఆ పాట కూడా గుర్తుంది. (ఆ పాటొచ్చినప్పుడు మేం చేస్తున్నది సరిగ్గా అదే!) ఇప్పుడు చూస్తే చెయిన్ సీను ఎంతసేపో లేదు. ఆ తర్వాత సినిమా అంతా దానికి చెల్లించిన బాకీ. మల్లి పోతాడు. అన్న కూతుర్ని సైకిలెక్కించుకుని సందుల్లో పారిపోయే సీనులో స్టెడీకామ్ వాళ్ళ వెనకాలే పరిగెడుతుంది. మొదట ఆయుధాన్నిచ్చిన సైకిలే ఇక్కడ ప్రాణభయంతో తొక్కే సైకిలు. చివరికి ఆ పాపా మిగలదు. ఇదంతా తెరమీద స్పష్టంగానే ఉంది. మేమే చూళ్ళేదు. లోపాలు లేవనను. అమల పాత్రకి పెళ్ళయ్యాక చేసే పనేం లేదు. పాటలు కొన్ని బలవంతాన దూర్చినట్టే ఉన్నాయి.

చెయిన్ చేత్తో లాగితే ఊడదు. లింకు పిన్ను కొట్టి తీయాలి. ఈ సంగతి నాకెలా తెలుసంటే, ఆ మరుసటేడు కాలేజీ ఎలక్షన్ల గొడవలో మా రూమ్మేటు చేతిలో ఉన్నది నా సైకిల్ చెయినే. ముందురోజు రాత్రి వాడు పిన్ను కొడుతుంటే నేను టార్చి పట్టుకున్నాను. అవతలి గ్రూపు కుర్రాడికి కన్ను పోయింది. వాడు మా బ్యాచి కూడా కాదు, జూనియర్. సినిమాని తప్పుపట్టను. టార్చి పట్టుకోమని సినిమా చెప్పలేదు కదా. తర్వాత అడిగినవాళ్ళకి నేనేం తెలీదన్నాను.

మొన్న మల్టీప్లెక్సులో చెయిన్ సీను రాగానే కుర్రాళ్ళు ఫోన్లెత్తి వీడియో తీశారు. మా పిల్లల ఈడువాళ్ళు. పాప చనిపోయే చోట ఫోన్లన్నీ కిందికి దిగిపోయాయి. అప్పుడూ అంతే కాబోలు, హాలు సద్దుమణిగే ఉంటుంది. నాకది అసలు గుర్తులేదు.

బయటికొచ్చి రూమ్మేటుకి ఫోన్ చేశాను. ఏళ్ళయింది మాట్లాడి.

“శివ మళ్ళీ వేశార్రా, చూశావా?”

“లేదురా,” అన్నాడు. కాసేపాగి, “వాడి పేరు గుర్తుందా నీకు?” అన్నాడు.

గుర్తుంది. చెప్పాను.