రెండవ ఫిడేలు

పాశ్చాత్యసంగీతమును రికార్డుల మూలమున వినువారిలో నొక దురభ్యాసము నాటుకొని యున్నది. ఒకే కృతిని పదిమంది పదివిధములుగా వాయించిన రికార్డులు లభించినప్పుడు వారు వానిని పరీక్షాపత్రములవలె ముందు పెట్టుకొని, యొకదానికిఁ బ్రథమస్థానమును, వేఱొకదానికి ద్వితీయస్థానమును నిచ్చి, తక్కినవానిని త్రోసివేయుదురు. ఏది శ్రేష్ఠమను ప్రశ్నతోనే వారి వినికిడి ముగియును. పోల్చి చూచుట తప్పని నే ననను. పోల్చి చూడనిదే యే కళయందును దృష్టి పదును దేఱదు. కాని దేనినిబట్టి పోల్చుచున్నామో ముందుగా నిర్ణయించుకొనవలయును. స్ట్రింగు క్వార్టెట్టుల విషయమున జనులు సాధారణముగాఁ బోల్చునది మొదటి ఫిడేలువాని నైపుణ్యమును మాత్రమే. ఇది నలుగురు మాటలాడు సభకుఁ బోయి యొక్కని యుపన్యాసమునే విని వచ్చినట్లున్నది.

క్వార్టెట్టనఁగా రెండు ఫిడేళ్లు, వానికంటె నించుక పెద్దదియు గంభీరస్వరము గలదియు నగు వయోలా, కూర్చుండి మోఁకాళ్ల నడుమ నిలిపి వాయించు చెల్లో, ఈ నాలుగు వాద్యముల మేళము. పాడువాఁడు లేఁడు, చేతితో లయ చూపువాఁడును లేఁడు. హేడెన్ పదునెనిమిదవ శతాబ్దియందు దీనికిఁ బ్రతిష్ఠ కలిగించెను. జర్మను కవి గేటే 1829 లోఁ దన మిత్రునికి వ్రాసిన యొక లేఖయందు దీనిని నలుగురు వివేకవంతులు తమలోఁ దాము జరుపుకొను సంభాషణముతోఁ బోల్చెను. ఆ యుపమానమును వాడని విమర్శకుఁడు లేఁడు. దానికిఁ దగినట్లు వినువారు మాత్రము కొలఁదిమంది.

పరీక్షకై యొక్క కృతిని దీసికొందము. బీథోవెన్ 1826 లోఁ గూర్చిన 131 వ సంఖ్య గల క్వార్టెట్టిది. అప్పటి కాయనకు బొత్తుగాఁ జెవుడు వచ్చి యుండెను. మఱుసటి యేఁడు మార్చి నెలలో నాయన కాలధర్మము నొందెను. కృతి యటుపిమ్మటనే యచ్చుపడెను. దీనిలో నేడు భాగము లున్నవి. వానినడుమ విరామము లేదు. మొత్తము సుమారు నలువది నిమిషములు పట్టును. ఆయన తన తొలి క్వార్టెట్టులకు లయయంత్రము ననుసరించి వేగములు నిర్ణయించి యిచ్చెను గాని, యీ చివరివాని కీయలేదు. కావుననే మొదటి భాగము నొకరు ఆఱు నిమిషములకుఁ బైచిలుకుగా ముగింపఁగా, మఱియొకరు ఎనిమిది నిమిషముల దాఁక సాగింతురు.

ఆ మొదటి భాగము ఫ్యూగు. అనఁగా నొక వాద్య మొక పలుకు నెత్తుకొనఁగా, అదే పలుకును తక్కిన వాద్యము లొకదానివెంట నొకటి యందుకొని, యెవరి దారిని వారు సాగించుచు, అందఱును గలిసియే యుండుట. ఇచట మొదటి ఫిడేలు, రెండవ ఫిడేలు, వయోలా, చెల్లో యను వరుసతోఁ బ్రవేశించును. పలుకులోని నాల్గవ స్వరముపై గట్టి యొత్తు గలదు; అది దుఃఖము నాపుకొనలేక పైకివచ్చిన నిట్టూర్పువలె నుండును. నాల్గవ భాగమున నొక సుకుమారమైన రాగము వచ్చును. బీథోవెన్ దాని నొక్క ఫిడేలునకుఁ బూర్తిగా నీయక, ముక్కలుగాఁ బంచి, మొదటిది కొంత పలుకఁగా రెండవది కొంత పూరించునట్లు వ్రాసెను. ఆఱవ భాగము మిక్కిలి చిన్నది. అందు ముందుగా గొంతెత్తునది వయోలా. ఒత్తు, పంపకము, వయోలా గొంతు — ఈ మూఁడు తావులను నేను గుఱుతు పెట్టుకొని రికార్డులు వింటిని.

లభించు పాతవానిలో వియన్నావారగు రోజే మేళము 1927 లో వాయించినది మొదట వినఁదగినది. ఆర్నోల్డ్ రోజే 1881 మొదలుకొని వియన్నా నాటకశాలలోని వాద్యబృందమునకు నాయకుఁడు; బ్రామ్స్ కృతులను లోకమునకుఁ దొలుత వినిపించినవారిలో నొకఁడు. రికార్డు నాఁటికి అఱువది దాఁటినవాఁడు. ఆయన స్వరము వడఁకదు. వెండితీఁగవలె సన్నగా, నిలుకడగా సాగును. ఒక స్వరమునుండి వేఱొకదానికిఁ బోవునపు డాయన వ్రేలిని తంత్రిపై జాఱనిచ్చును. దీనిని నేఁటి పాశ్చాత్యశ్రోతలు పలువురు సహింపలేరు; పాతకాలపు మొఱటుఁదనమని నవ్వుదురు. తెలుఁగు చెవికి నవ్వు రాదు. జారు మన గమకములలో నొకటి. స్వరమునుండి స్వరమునకు దూఁకుటకంటె నడచి పోవుటయే మనకు సహజము. 1938 లో నాజీలు వియన్నాను వశపఱచుకొన్నప్పుడు యూదుఁడైన కారణమున నీ వృద్ధుఁడు కొలువు గోల్పోయి లండనుకు వలసపోయెను. 1946 లో నచటనే మరణించెను. ఆయనపట్ల గౌరవ మెంత యున్నను చెప్పవలసినది చెప్పక తప్పదు: ఈ రికార్డున నాయన పలుకును, తక్కిన మువ్వురు తలలూఁపుదురు. నాల్గవ భాగమున రెండవ ఫిడేలు తన వంతును క్షమాపణ వేఁడుకొనుచున్నట్లు వాయించును.

ఈ స్థితి మనకుఁ జిరపరిచితమే. ఫిడేలును బాలుస్వామి దీక్షితుల కాలమునఁ బాశ్చాత్యులనుండి గ్రహించి మనవారు దానికి నిచ్చిన పేరు పక్కవాద్యము. గాయకుని నీడయై యుండుటయే దాని ధర్మమని చిరకాలము తలఁచిరి. విజయనగరపు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు దానిని ముందుకుఁ దెచ్చి తనంత తాను పలుకఁగల వాద్యముగా నిలిపిరి. నాయుడుగారిని వినిన చెవి కలవారికి, ప్రక్కన నుండువాఁడు వట్టి నీడ కాఁడని వేఱుగా బోధింప నక్కఱలేదు.

పారిసునకుఁ జెందిన లుసియెన్ కపే మేళము 1928 లో, అనఁగా నాయన మరణించిన యేఁటనే, యీ కృతిని రికార్డు చేసెను. కమాను పట్టుటయందు కపేను మించిన గురువు లేఁడందురు. దానిపై నాయన యొక గ్రంథమునే వ్రాసెను. నలుగురి కమానులు నొక్క యూపిరితోఁ గదలును. ఇది యొక విధమగు సమానత్వమే. కాని నలుగురు నొకేవిధముగాఁ బలుకుట వేఱు, నలుగురు నెవరి గొంతుతో వారు పలుకుట వేఱు. కపే రికార్డునందు మొదటిది పరిపూర్ణముగా నున్నది.

రెండవదానికై నేను మరల మరల పోవునది బుష్ మేళము 1936 లో లండనులో వాయించినది. ఆడోల్ఫ్ బుష్ జర్మనుఁడు, యూదుఁడు కాఁడు. 1933 ఏప్రిలులో యూదులపై నాజీలు తలపెట్టిన బహిష్కారమును జూచి, యిఁక జర్మనీలో వాయింపనని కచేరీలను రద్దుపఱచుకొనెను. అంతటి ప్రసిద్ధునకు దానివలనఁ గలిగిన నష్టము కొంచెము కాదు. శీలమును జూచి సంగీతమును మెచ్చుకొనుట విమర్శ కానేరదని నే నెఱుఁగుదును. కాని యీ రికార్డు వినునప్పుడు, తానొక్కఁడే పెద్దగొంతుతో మాటలాడుట కిష్టపడని మనుష్యుఁ డొకఁడు మన కెదురుగాఁ గూర్చున్నట్లు తోఁచును. ఫ్యూగును వారు మిక్కిలి నెమ్మదిగా నెత్తుకొందురు. బుష్ యొత్తులో వేదన యున్నది. స్వీడను దేశీయుఁడైన రెండవ ఫిడేలు ఆండ్రియాసన్ ఆ యొత్తును అనుకరింపఁడు. దాని నించుక మెత్తఁబఱచి, విన్నవాఁడు బదులు చెప్పినట్లు పలుకును. వయోలా యందు అది మూల్గు. ఆడోల్ఫ్ తమ్ముఁడు హెర్మన్ చెల్లోపై దానిని పలికించునప్పటికి నేల కదలినట్లుండును. ఒకే పలుకు, నలుగురు మనుష్యులు. నాల్గవ భాగమున రాగము పంచుకొనునప్పుడు నాయకుఁడు తన ముక్క చివరను స్వరము తగ్గించి రెండవవానికిఁ దారి యిచ్చును. దారి యిచ్చుట వినఁబడుచున్నది. తప్పులు లేవా? ఉన్నవి. వేగముగల తావులలో స్వరము లక్కడక్కడఁ దొట్రుపడును. శ్రుతియు నంతట శుద్ధముగా లేదు. అవి నా కడ్డు రాలేదు.

అడ్డు వచ్చునది వేఱొకటి. ఆ కాలపు రికార్డు ఒక్కొక ప్రక్క నాలుగైదు నిమిషములకు మించి పలుకదు. విరామ మక్కఱలేదని బీథోవెన్ ఉద్దేశించిన కృతిని గృహస్థులు రికార్డులు మార్చుచు, త్రిప్పుచు, పలుమాఱు లేచి కూర్చుండుచు వినిరి. 1948 లో దీర్ఘకాలము పలుకు రికార్డు వచ్చిన తరువాతనే యీ బాధ చాలవఱకుఁ దీఱెను. నేఁడు బుష్ వాదన మెడతెగక వినఁబడుచున్నది. కాని క్రొత్త కష్ట మొకటి వచ్చిపడినది. పాత రికార్డుల గరగరను దుడిచివేయు యంత్రములు దానితోపాటు వయోలా కంఠమును, రెండవ ఫిడేలు నొరపును గూడఁ దుడిచివేయును. మొదటి ఫిడేలు మాత్ర మెట్లో బ్రదికి బయటపడును. గరగర మిగిలియున్న ప్రతినే కొనుఁడని నా సలహా.

బుడాపెస్టు మేళము కథ వినోదకరము. 1917 లో నలుగురు దీనిని స్థాపించి కొన్ని నియమములు చేసికొనిరి. ఏ తగవునైనను వోట్లచేఁ దీర్చుకొనవలెను. నాయకునికి హెచ్చు పంచక యందఱకును సమానవేతన ముండవలెను. ఎవఁడును వెలుపల వాయింపరాదు. ఇంతవఱకు మెచ్చుకొనఁదగినదే. సాధకము జరుగు తావునకు భార్యలు రాఁగూడదని గూడ నొక నియమము! సమానత్వ మా గుమ్మమువద్దనే యాఁగిపోయెను. 1936 నాఁటికి మేళములోని నలుగురును రష్యనులైరి. పేరు మాత్రము మాఱలేదు. వారి 1940 నాఁటి రికార్డు చుఱుకైనది, శుభ్రమైనది. బుష్ మేళమున వినఁబడు వెనుకాడుటలు, ఆలోచనలు ఇందు లేవు. వోటు ముగిసిన పిమ్మట తీర్మానమును చదివినట్లున్నది. వాదోపవాదములు మనకు వినఁబడవు. 1958 తరువాత వారు మరల చేసిన రికార్డులలో వార్ధక్యము కనఁబడును, శ్రుతియు సడలెను. ఐనను నలుగురు వేఱు వేఱుగాఁ బలుకుట నందే యెక్కువగా వింటిని.

రోజే, కపే, బుష్ — ఇవన్నియు మొదటి ఫిడేలువాని పేర్లు. తరువాతి మేళములు పట్టణముల పేర్లు, దేశముల పేర్లు, కవుల పేర్లు పెట్టుకొనుట కారంభించినవి. దీనినిబట్టి లోకము సమానత్వమువైపు నడచినదని చెప్పవచ్చును. కాని పేరు మాఱిన మాత్రాన గొంతు మాఱదని యీ రికార్డులే చెప్పుచున్నవి. నాయకుని పేరు మోయు బుష్ మేళమే నాకు అన్నిటికంటె నెక్కువ ప్రజాస్వామికముగాఁ దోఁచినది.

1945 లో నేర్పడిన ఇటాలియను మేళమున రెండవ ఫిడేలు ఒక స్త్రీ. ఎలీసా పెగ్రెఫ్ఫి ఆ స్థానమును ముప్పదియైదేండ్లు నిర్వహించెను. మొదటి ఫిడేలు బోర్చానీ యామె భర్త. ఆమెనుగూర్చి విమర్శకులు వ్రాసినది తక్కువ. భర్తనుగూర్చి వ్రాసినది యెక్కువ. వారు 1967 మొదలు 1975 వఱకు బీథోవెన్ క్వార్టెట్టుల నన్నిటిని రికార్డు చేసిరి. ఈ కృతిలోని నాల్గవ భాగమును వినుఁడు. భర్త యెత్తుకొన్న రాగమును భార్య యందుకొనునపుడు అతుకు తెలియదు. ఐనను స్వరము మాఱినదని తెలియును. ఆమె స్వర మించుక గోధుమవన్నె గలది, వెచ్చనిది. వేగ మెక్కువ తావులలో వీరు మఱీ మర్యాదగా నున్నారనుట నిజము. అయిదవ భాగపుఁ జివర తంత్రులను మోయు కొయ్యవంతెన దగ్గఱగా వాయించునపుడు పుట్టవలసిన కఱకుదనము వీరిచేతిలో మెత్తఁబడినది. బీథోవెన్ నవ్వు అంత మెత్తనిది కాదు.

ధ్వనిని రెండు ప్రక్కలనుండి వినిపించు స్టీరియో పద్ధతి యీ పాటికిఁ బ్రబలినది. దానివలన రెండు ఫిడేళ్లను విడఁదీసి వినుట సులభమైనది. ఇందొక మోసమును గలదు. మేళమున నణఁగి యుండువానిని యంత్రముమీఁది మీట త్రిప్పి పైకిఁ దేవచ్చును. ఆ సమానత్వము వాదకులు సంపాదించినది కాదు, యంత్రమువాఁ డిచ్చిన దానము. ఇఁక, 1977 లో బెర్న్‌స్టైన్ వియన్నా వాద్యబృందపు తంత్రీవాద్యముల నన్నిటినిఁ గూర్చి యీ కృతిని వాయింపించెను. ఆ ధ్వని మహాద్భుతము. కాని రెండవ ఫిడేలు అను మనుష్యుఁ డందులో లేఁడు. ఒక వరుస యున్నది. వయోలా నిట్టూర్పు ఒక జనసమూహపు నిట్టూర్పైనది.

అమెరికాలోని ఎమర్సన్ మేళమున ఫిడేలువా రిద్దఱును వంతులవారీగా మొదటి స్థానమునఁ గూర్చుండిరి. పద్ధతి న్యాయమైనది, రికార్డు మాత్రము నాకు అద్దమువలె మెఱయుచుఁ జల్లగాఁ దోఁచినది. టకాచ్ మేళము 2005 లో వెలువరించిన చివరి క్వార్టెట్టుల రికార్డులలో వెచ్చదనమును, తెగువయు నున్నవి. ఆఱవ భాగమున వయోలా యెవరి యనుమతి కొఱకును వేచియుండక పలుకును, తక్కినవారు విందురు.

ఇంట నొక్క రికార్డే యుంచుకొనఁగలవారు బుష్ వాయించినది యుంచుకొనుఁడు. రెండు కొనఁగలవారు దానితో టకాచ్ రికార్డును జేర్చుఁడు. మొదట క్రొత్తదానిలోని నాల్గవ భాగమును, మఱునాఁడు పాతదానిలోని యదే భాగమును వినుఁడు. ఒకే రాత్రి రెండును వినినచో గరగరయే చెవిలో మిగులును.