గుడిలో గిటారు, పాటలో గాంధారం

పోయిన శనివారం సాయంత్రం నిజామాబాద్‌లో మా చర్చి యూత్ పిల్లలు క్రిస్మస్ పాటలు సాధన చేస్తుంటే వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. పల్లవి పూర్తయిందో లేదో, గిటారు పిల్లవాడు కాలితో పెడల్ నొక్కాడు. డిస్టార్షన్ మోతకు కిటికీ అద్దాలు అదిరాయి. సంఘపెద్ద ఒకరు లేచి, "గిదేం పాట బిడ్డా, గుడిల గిట్ల వాయిస్తరా?" అన్నారు. నాకూ ఆ మాటే సబబనిపించింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు. క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. వాటిని చూడకుండా పాట ఎత్తుకుంటే నా ప్రాణం ఒప్పుకోదు.

ఎవరి పాటలు వింటావని ఆ గిటారు పిల్లవాణ్ణి అడిగితే, క్రైస్తవ మెటల్ బ్యాండు స్ట్రైపర్ పేరు చెప్పాడు. ఆ పేరుతో బోధన్ మొత్తం కళ్లముందుకొచ్చింది. 80లలో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్. క్రిస్మస్ వచ్చేది సరిగ్గా క్రషింగ్ సీజన్‌లో. ఫ్యాక్టరీకి రాత్రీ పగలూ లేదు. గేటు ముందు చెరకు బండ్ల బారులు, ఊరంతా మొలాసిస్ వాసన. హార్మోనియం, డోలక్, తాళాలు పట్టుకుని మేం క్యారల్స్‌కు ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. రాత్రి షిఫ్టు దిగి అప్పుడే పడుకున్నవాళ్లు కూడా లేచొచ్చి గొంతు కలిపేవాళ్లు. డోలక్ వాయించే పెద్దాయనకు నొటేషన్ తెలియదు కానీ, తాళం తప్పితే పాట ఆపించి మళ్లీ మొదటి నుంచి పాడించేవాడు. నా పట్టుదల ఆయన పెట్టిన భిక్షే.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో చదువుకునే మా బావ స్ట్రైపర్ కాపీ క్యాసెట్ ఒకటి తెచ్చాడు. ఒకవైపు 1984 నాటి 'ది ఎల్లో అండ్ బ్లాక్ అటాక్'లోని ఆరు పాటలు, రెండోవైపు 1985 నాటి 'సోల్జర్స్ అండర్ కమాండ్'. కాలిఫోర్నియా కుర్రాళ్లు నలుగురు: మైఖేల్ స్వీట్, రాబర్ట్ స్వీట్ అన్నదమ్ములు, ఓజ్ ఫాక్స్, టిమ్ గెయిన్స్. పసుపు, నలుపు చారల బట్టలు, లోగో కింద యెషయా 53:5, వేదిక మీంచి జనంలోకి విసిరే కొత్త నిబంధన ప్రతులు. స్వీట్ కుటుంబం విశ్వాసంలోకి వచ్చింది జిమ్మీ స్వాగర్ట్ టీవీ ప్రసంగాలు చూసి. ఆ స్వాగర్ట్ గారే తర్వాత ఈ సంగీతాన్ని దుయ్యబట్టారు. అక్కడా పెద్దలది ఇదే అభ్యంతరం.

1986లో వచ్చిన 'టు హెల్ విత్ ద డెవిల్' పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందులో 'హానెస్ట్‌లీ' అనే పియానో పాట రేడియోలకెక్కింది. 1988 నాటి 'ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్' ఇంకా నునుపు తేలింది. 1990లో 'అగెన్‌స్ట్ ద లా' వచ్చేసరికి చారలు పోయాయి, పాటల్లో దేవుడి ప్రస్తావనా పలచబడింది. 1992లో మైఖేల్ వెళ్లిపోయాడు. అభిమానులు తప్పంతా 1990 మీదికి నెడతారు. నా చెవికి మాత్రం ఆ ఆల్బంలో గిటారు మళ్లీ గరుకుదేలింది, బాగుంది. బ్యాండు మెత్తబడింది అంతకు ముందే, పియానో ముందుకొచ్చిన రోజున.

ఈ వారమంతా నన్ను వదలని ఆలోచన ఇక్కడే పుట్టింది. డిస్టార్షన్ పెట్టి మూడు స్వరాల కార్డు మీటితే మోత ముద్దయిపోతుంది. అందుకే మెటల్ గిటారిస్టులు ఎక్కువగా షడ్జం, పంచమం రెండే పట్టుకుంటారు. గాంధారం వదిలేస్తారు. తంబూరా తీగలు పలికేదీ ఆ రెండు స్వరాలే! ఆ శ్రుతి మీద మోహనలోని అంతర గాంధారమూ నిలుస్తుంది, ఆనందభైరవిలోని సాధారణ గాంధారమూ నిలుస్తుంది. గొంతు గమకం వేసుకోవడానికి చోటుంటుంది. (పంచమం లేని హిందోళం వస్తే మధ్యమం పట్టుకోవాలి, తంబూరాకూ అంతే.) కీబోర్డు అలా కాదు. నిండు కార్డు నొక్కి గాంధారాన్ని ఒక్కచోట మేకు కొట్టేస్తుంది. ఊగాల్సిన స్వరం అక్కడే ఆగిపోతుంది. మన చర్చిల్లో ఏళ్ల తరబడి భక్తి పేరుతో మనం నెత్తిన పెట్టుకున్నది ఈ మెత్తటి వాద్యాన్నే. రాగానికి ఆ పెడల్ చేసిన చెరుపు కంటే ఇది చేసింది ఎక్కువ.

పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) 1833లో బాప్తిస్మం పొందారు. ఇంగ్లీషు హిమ్‌లను వాటి బాణీల్లోనే తెలుగు చేస్తున్న కాలంలో ఆయన కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టారు. చుట్టూ ఉన్న జనం చెవికి ఏది తెలుసో అది తీసుకున్నారు. నేటి పదహారేళ్లవాడి చెవికి ఎలక్ట్రిక్ గిటారు తెలుసు. దాన్ని గుడి బయట పెట్టమనే హక్కు, ఆయన కీర్తనలు పాడుకునే మనకు లేదు.

డ్రమ్ముల విషయంలో మాత్రం నేను తగ్గను. రెండు కాళ్లతో బేస్ డ్రమ్ము ఎడాపెడా తొక్కితే ఆదితాళంలో దెబ్బ ఎక్కడ పడుతోందో పాడేవాళ్లకు అందదు. చరణంలోనైనా దాన్ని ఆపి, డోలక్ మీద నడిపించాలి.