కిక్కు కొట్టే ముందు

2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన కుండపోత వానకు ఆకేరు వాగు పొంగింది. మరిపెడ మండలంలో సీతారాం తండా నీట మునిగింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వరంగల్–ఖమ్మం దారి తెగిపోయింది. అంతటి విపత్తులో బండి మునిగిందంటే ఎవరు పట్టించుకుంటారు? కానీ నీళ్లు తీశాక పాలు పోయాలన్నా, మిర్చి తోటకు మందు మోసుకెళ్లాలన్నా ఆ బండే కావాలి.

నానిన బండిని తోసుకుంటూ షెడ్డుకు వస్తే, పాతకాపు మెకానిక్ స్పానర్ ముట్టకముందే అడిగే మాట ఒకటుంది: "కిక్కు కొట్టినవా కాకా?" కొట్టలేదంటే సగం గండం గడిచినట్టే. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీళ్లను నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అందుకే ముందు ప్లగ్గు ఊడదీసి నెమ్మదిగా కిక్కు తొక్కుతారు. లోపలి నీళ్లు ఆ బెజ్జం నుంచి చిమ్ముకుంటూ బయటికొస్తాయి. ఇంజిన్ ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్‌లా కనిపిస్తే నీళ్లు అక్కడికీ చేరాయన్నమాట. ఆ ఆయిల్ పారబోయాల్సిందే.

ఆ తర్వాత కార్బురేటర్. అసలు పనితనం ఇక్కడే తెలుస్తుంది. ట్యాంకు కాక్ కట్టేసి, కార్బురేటర్ గిన్నె అడుగునుండే చిన్న స్క్రూను కాస్త వదులు చేస్తారు. పైపు కొస కింద ఖాళీ సీసా పడతారు. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు అటూ ఇటూ తూగుతుంది. బరువైన నీళ్లు గిన్నె అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు పెట్రోలు అందించే జెట్ మూతి ఉండేదీ అక్కడే. మిల్లీమీటరు కూడా లేని ఆ బెజ్జానికి ఒక్క నీటి బొట్టు అడ్డం పడితే చాలు, బండి మిస్సింగ్ కొడుతుంది. పట్టిన సీసాను కాసేపు కదలకుండా ఉంచి వెలుతురుకు ఎత్తి చూస్తే నడుమ ఒక గీత తేలుతుంది. పైన పెట్రోలు, కింద నీళ్లు. ఆ గీత కనిపించకుండా పోయేదాకా కాక్ తిప్పాలి, పట్టాలి, చూడాలి. తొందరపడే కుర్రాడు రెండు చుక్కలు వదిలి స్క్రూ బిగించేస్తాడు. ఆ బండి ఊరు దాటకముందే మళ్లీ ఆగుతుంది.

రోడ్డు మీద ఆగిన బండిని తోసుకుపోవచ్చు. ఆకాశంలో ఆ వీలు లేదు. వరంగల్ దగ్గర మామునూరులో 1930లో, నిజాం ఏలుబడిలో కట్టిన విమానాశ్రయం ఉంది. దాన్ని మళ్లీ తెరిచేందుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది. అక్కడ రేపు దిగబోయే పెద్ద విమానాలకు కార్బురేటర్ ఉండదు. సెస్నా 152 లాంటి చిన్న శిక్షణ విమానానికి మాత్రం ఉంటుంది. దాని ఇంధనం రెక్కల్లో ఉండి తన బరువుతోనే కిందికి దిగుతుంది. రోజూ మొదటిసారి ఎగిరే ముందు, ఇంధనం నింపిన ప్రతిసారీ, పైలట్ రెక్కల అడుగున, ఇంజిన్ కింది స్ట్రెయినర్ దగ్గర గాజులాంటి కప్పులో కొంచెం పట్టి చూస్తాడు. కొత్తవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. కప్పు నిండా నీళ్లే వస్తే గీత ఉండదు, అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకే గీతతో పాటు రంగూ చూడాలి. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే పెట్రోలుకు నీలి రంగు కలుపుతారు. ఆ నీలం కనిపించకపోతే అనుమానించాలి. నీళ్లు ఆగకుండా వస్తుంటే విమానం ఎగరదు. మెకానిక్ కార్బురేటర్ అడుగు ప్లగ్ దాకా విప్పి చూస్తాడు, మళ్లీ బిగించాక అది వదులవకుండా సన్నటి తీగ చుడతాడు. ఈ నీళ్లకు వరదే రానక్కర్లేదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమే చెమ్మగా దిగుతుంది.

మన షెడ్లలోని సీసా పరీక్షకు ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ కొద్దిపాటి నీళ్లను తనలో కలిపేసుకుంటుంది, గీత కనిపించనివ్వదు. నీళ్లు మోతాదు మించితే తానే పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. అప్పుడు కార్బురేటర్ గిన్నె ఒక్కటీ వంపితే సరిపోదు, ట్యాంకు మొత్తం దించాలి. పైన మిగిలిన పెట్రోలుకూ మునుపటి సత్తా ఉండదు. పొదుపు చేద్దామని దాన్నే మళ్లీ పోయడం, నా లెక్కలో, దండగ పని.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకుల్లో దాదాపుగా కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. అయినా పాత స్ప్లెండర్లు ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. మందు కొట్టే తైవాన్ పంపులకూ, గడ్డి కోసే మిషన్లకూ ఇప్పటికీ కార్బురేటరే. కాబట్టి బండి నానితే కిక్కు కొట్టకండి, సెల్ఫ్ నొక్కకండి. పట్టిన సీసా చూపించమని మెకానిక్‌ను అడగండి. సీజన్ అయ్యాక తైవాన్ పంపును మూలన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెలో మిగిలిన పెట్రోలు అయిపోయి ఇంజిన్ తనంత తాను ఆగేదాకా నడిపించండి.