పిస్సారో చెక్కిన తోపు

ఫ్రెంచి చిత్రకారుడు కామిల్ పిస్సారో 1877లో ‘ఎఱ్ఱకప్పులు’ అను తైలచిత్రమును వ్రాసెను. పాంట్వాజ్ పట్టణము చెంతనున్న ఎర్మితాజ్ పల్లెలో, ఆకు రాలిన పండ్లతోట వెనుక ఇండ్ల పైకప్పులు శీతకాలమున ఎఱ్ఱగా మెఱయుట దానియందు కాననగును. రెండేండ్లకు, 1879లో, ఆయనయే ఆ పల్లెలోని యొక తోపును లోహపుపలకపై చెక్కి కాగితముమీద అచ్చొత్తెను. ఇందును ముందర చెట్లు, వెనుక ఇండ్లు. ఎఱుపు మాత్రము లేదు. ఉన్నదెల్ల నలుపు, తెలుపు, వాని నడిమి బూడిదవన్నెయే.

రంగుల పటములకు అలవడిన కన్నులకిది మొదట రుచింపదు. నాకును రుచింపలేదు. పలకమీద మెత్తని పూత పూసి గీతలు గీయుట, గుగ్గిలపు రజను అంటించి ఆమ్లముచేత తినిపించుట అను పద్ధతుల వలన ఇందలి ఛాయలు సన్నని రేణువులవలె ఏర్పడినవి. ఆకునకు ఆకు వేఱుగా గీయబడలేదు. కొమ్మల సందులనుండి దిగు వెలుతురునే చిత్రకారుడు పట్టుకొనెను. ఇంటి తెల్లగోడ తునుకలు తునుకలుగా మాత్రమే కనబడును.

దెగా, మేరీ కసాట్‌లతో కూడి ‘పగలు, రాత్రి’ యను పేర వెలువరింప దలచిన పత్రికకై పిస్సారో దీనిని సిద్ధపఱచెను. ఆ పత్రిక వెలువడనేలేదు. కాని 1880 నాటి ప్రదర్శనలో ఈ పలక యొక్క నాలుగు దశల అచ్చులను ఒకే చట్రమున బిగించి చూపెను. తుది దశను మాత్రమే చూపి తక్కినవి దాచుట లోకాచారము. తన తడబాటులను గోడకు వ్రేలాడదీయుటకు ఎంత ధైర్యము కావలయును!

నాకొక్క కొఱత తోచుచున్నది. ఈ తోపులో ఒక మనిషి కలడు. అతనిని వెదకి కనుగొనవలెను. మిల్లే 1857లో ‘పరిగె యేఱువారు’ అను చిత్రమున ముగ్గురు బీదస్త్రీలను పటము ముందుభాగమున నిలిపెను. పిస్సారో పల్లెవానిని చెట్లలో కలిపివేసెను. ఇది పాటకజనులయెడ నిర్లక్ష్యము కాదనియు, తన పనిలో తానున్నవాడు చూపరులకొఱకు నిలువడనియు సమర్థింపవచ్చును. ఆ సమర్థనము సబబే. అయినను మిల్లే చిత్రించిన ఆ స్త్రీల వంగిన నడుములను చూచినపుడు కలుగు కలత ఈ బూడిదవన్నె నీడలలో నాకు కలుగలేదు.