తడిగుడ్డ పరీక్ష

ఎండాకాలం పాత పద్మిని కారు రోడ్డు పక్కన ఆగిందంటే చుట్టూ చేరినవాళ్ళలో ఒకరైనా 'పంపు పోయింది' అని తేల్చేస్తారు. నేను మాత్రం ముందు ఓ గుడ్డ తడిపి ఆ పంపు మీద వేస్తాను. కాసేపటికి ఇంజను అందుకుందా, పంపు తప్పేమీ లేదు. ఇంజను ఒంటికే బిగించింది కాబట్టి బాగా కాగి, లోపలి పెట్రోలు ఆవిరైపోయింది. ద్రవాన్ని తోడే పంపు ఆవిరిని తోడలేదు. పాతకాలం డ్రైవర్లు తడిగుడ్డను వైద్యంగా వాడారు. నాకది పరీక్ష కూడా.

చల్లబడ్డా లేవకపోతే అప్పుడు పానా తీయాలి. కాయిల్ వైరు పీకేసి, కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి, సెల్ఫ్ కొట్టించాలి. (సిగరెట్ పట్టుకున్న పెద్దమనిషిని ముందే దూరం పంపండి.) పెట్రోలు ఉండుండి గట్టిగా చిమ్మితే పంపు బాగున్నట్టే. బుడగలొస్తే ట్యాంకు వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. అటువైపు పగులు ఒక్కోసారి బయటికి చుక్క కూడా కార్చదు, అందుకే దొరకదు. అసలేమీ రాకపోతే ట్యాంకు మూత తిప్పి చూడండి. 'స్స్' మని గాలి లోపలికి పోయిందంటే మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోయింది. రూపాయి ఖర్చు లేని రిపేరు!

ఈ పంపులో కామ్‌షాఫ్ట్ చేసేది డయాఫ్రమ్‌ను వెనక్కి లాగడమే. ముందుకు తోసేది స్ప్రింగు. ఒత్తిడి ఎంతన్నది ఆ స్ప్రింగు బలాన్ని బట్టే. చదరపు అంగుళానికి మహా అయితే 4, 5 పౌండ్లు. కార్బురేటర్ నిండి నీడిల్ వాల్వు మూసుకుంటే డయాఫ్రమ్ వెనకే ఆగిపోతుంది. ఇంత పొందికైన దాన్ని పీకేసి, దొరికిన ఎలక్ట్రిక్ పంపు తగిలించేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంజెక్షన్ కార్ల పంపు 40 పౌండ్ల దాకా కొడుతుంది. నీడిల్ వాల్వు దాన్నెక్కడ ఆపుతుంది? పెట్రోలు పొంగి వేడి ఇంజను మీద పడుతుంది.

డయాఫ్రమ్ చిరిగితే మాత్రం పంపుదే తప్పు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్‌కు ఆగే డయాఫ్రమ్ అడిగి మరీ వేయించుకోవాలి. ఈలోగా డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు కంపు కొట్టినా, ఆయిల్ మట్టం పెరిగినా, చిరుగులోంచి పెట్రోలు కిందికి దిగిందన్నమాట. ఆయిల్ మొత్తం ఒంపేసి కొత్తది పోసేదాకా స్టార్ట్ చేయకండి. పలచబడ్డ ఆయిల్ బేరింగులను తినేస్తుంది.